తెలుగు అక్షరాల పోలికను కొలవడం ఎలా? సలహా కావాలి

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో, చదవడంలో ఇబ్బంది పడే మూడు, నాలుగో తరగతి పిల్లల మీద రీసెర్చ్ చేస్తున్నాను. వాళ్లు ఏ అక్షరాన్ని చూసి ఏదనుకుంటున్నారో తేల్చాలంటే, ముందు ఏ రెండు అక్షరాలు ఎంత దగ్గరగా కనిపిస్తాయో లెక్క ఉండాలి. రోమన్ లిపికి అలాంటి పట్టిక ఉంది. 2013లో సింప్సన్ బృందం పాఠకుల చేత రేటింగ్ వేయించి తయారు చేసింది. తెలుగుకు నాకు దొరకలేదు.

పిక్సెళ్లు పోల్చి చూస్తే థ, ధ దాదాపు ఒకటే అని వస్తోంది. తేడా అంతా లోపలి చుక్కలోనే ఉంది కదా! పైగా ఆ రెండూ పలకడంలోనూ దగ్గరే, కాబట్టి తప్పు చదివితే కన్ను పొరబడిందో చెవి పొరబడిందో చెప్పలేం. అందుకే న–స, మ–య లాంటి జతలు నాకు ఎక్కువ విలువైనవి. రూపం దగ్గర, శబ్దం దూరం.

పెద్దవాళ్ల రేటింగ్ పిల్లలకు పనికొస్తుందా? లేక అక్షరాన్ని క్షణం చూపించి, ఏది దేనిగా చదివారో నమోదు చేయడమే మేలా? గుణింతాలు, ఒత్తులు కూడా కలపాలా? గౌతమి, మండలి ఫాంట్లలో దేనితో చేయాలి? కన్నడ మీద ఇలాంటి పని చేసినవాళ్లున్నా దయచేసి చెప్పండి.