గాడ్రిక్ గొడ్డలి: డాలు వదిలేసి రెండు చేతులూ దానికే ఇవ్వాలా?

బొబ్బిలికోట:
ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్‌లో స్టార్మ్‌వేల్ కోట దాటాను. ఆ కోట ఏలే గాడ్రిక్‌ను ఓడిస్తే వచ్చే రిమెంబ్రెన్స్ (జ్ఞాపిక) సంచిలో ఉంది. రౌండ్‌టేబుల్ హోల్డ్ అనే స్థావరంలో ఎనియా అనే ముసలావిడకు ఇస్తే ఆయన గొడ్డలి వస్తుంది, వాడేస్తే 20,000 రూన్లు (ఆటలో డబ్బు). శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఆడేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. రెండు చేతులతో పట్టదగ్గ ఆయుధమేనా అది?

రాజాం రాత్రిపాళీ:
కళ్లు మూసుకుని తీసుకో తమ్ముడూ. దానికి బలం 34 కావాలి. రెండు చేతులతో పడితే ఆట నీ బలాన్ని ఒకటిన్నర రెట్లుగా లెక్కిస్తుంది, అంటే 23 ఉంటే చాలు. మిగిలిన పాయింట్లు ప్రాణానికి పెట్టుకో. డాలు బరువూ తగ్గుతుంది. డాలు వెనక నక్కడానికైతే గొడ్డలి ఎందుకు?

వంశధార గట్టు:
అన్నా, సగం లెక్క చెప్పి ఊరుకున్నారు. దానికి డెక్స్‌టెరిటీ (చేతి నేర్పు) 22 కూడా కావాలి, అందులో రెండు చేతుల రాయితీ లేదు. బలం మీదే నడిచేవాడికి ఆ పాయింట్లు దండగ. గ్రేటాక్స్ అనే మామూలు పెద్ద గొడ్డలికి బలం 30, డెక్స్‌టెరిటీ 8. రెండు చేతులతో 20 బలం సరిపోతుంది. నచ్చిన యాష్ ఆఫ్ వార్ (ఆయుధానికి కొత్త విద్య ఇచ్చేది) పెట్టుకోవచ్చు, బలం మీదే దెబ్బ పెరిగేలా హెవీగా మార్చుకోవచ్చు. గాడ్రిక్ గొడ్డలికి ఆ వెసులుబాటు ఏదీ?

రాజాం రాత్రిపాళీ:
ఆయుధాన్ని పెంచే రాళ్ల ఖర్చు సంగతి? మామూలు గొడ్డలిని +25 దాకా పెంచాలంటే మెట్టుమెట్టుకూ రెండు, నాలుగు, ఆరు రాళ్లు పోయాలి. దీనికి సోంబర్ రాళ్లు, మెట్టుకు ఒక్కటి, +10తో సరి. పైగా దాని విద్య! నేలకేసి కొడితే చుట్టూ అలలు లేస్తాయి, మూగిన సైనికులు చెల్లాచెదురవుతారు.

వంశధార గట్టు:
సైనికుల మీద ఏదైనా పనిచేస్తుంది. పెద్ద శత్రువుల ముందు చెప్పండి. కోట ముందు అడ్డుపడే మార్గిట్ కర్ర ఎత్తి, గాలిలో ఆపి, మనం దొర్లి లేచాక దించుతాడు. మీ గొడ్డలి ఇంకా భుజం మీదే ఉంటుంది. డాలు ఉంటే ఆ దెబ్బ కాచుకుని, వెంటనే గార్డ్ కౌంటర్, అంటే ఎదురుదెబ్బ, వేయవచ్చు.

పలాస జీడితోట:
గార్డ్ కౌంటర్‌కు డాలే ఉండాలని ఎవరన్నారు బాబూ? రెండు చేతులతో పట్టిన గొడ్డలితో కాచినా పడుతుంది. కాకపోతే డాలంత దెబ్బ ఆపదు, కొంత ప్రాణం పోతుంది. మా వైపు సరుగుడు దుంగలు చీల్చేవారిని చూడండి, దుంగ కుదురుగా నిలిచేదాకా గొడ్డలి ఎత్తరు. మార్గిట్ కర్ర నేల తాకాకే మన వంతు. తొందరపడి ఎత్తేవారికి డాలు ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. నాకైతే ఎగిరి రెండు చేతులతో వేసే బరువు దెబ్బ చాలు. రెండు మూడు పడితే ఎదుటివాడి నిలకడే చెదిరిపోతుంది.

బొబ్బిలికోట:
నా డెక్స్‌టెరిటీ 12. ఇంకో పది పెంచడం ఇప్పట్లో నా వల్ల కాదు.

వంశధార గట్టు:
అయితే తేలిపోయింది. మామూలు గ్రేటాక్స్.

రాజాం రాత్రిపాళీ:
తేలిందేమీ లేదు. పది పెంచాక మళ్లీ మాట్లాడదాం. అంతవరకూ ఆ రిమెంబ్రెన్స్‌ను రూన్ల కోసం మాత్రం పాడు చేయకు తమ్ముడూ.