వాకిటాని 'సముద్రపు ఆవు' అనొచ్చా?

మొన్న ఒక వార్తలో 'అంతరించిపోతున్న సముద్రపు ఆవు' అని చదివి, ఫోటో చూసి ఆగిపోయాను. కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి వలయాలు, మూతికీ అదే నలుపు. అది వాకిటా, డాల్ఫిన్‌ని పోలిన పోర్పాయిస్ అనే చిన్న సముద్ర జంతువుల్లో ఒకటి. మెక్సికోలో కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తరపు కొసలో తప్ప ఇంకెక్కడా లేదు. బాగా ఎదిగితే ఐదడుగులు.

స్పానిష్‌లో 'వాకా' అంటే ఆవు, చివరి 'ఇటా' ముద్దుకి. అనువాదం అక్కడే దారి తప్పింది. సముద్రపు ఆవు అని మనం ఎప్పటినుంచో అంటున్నది డుగాంగ్‌ని. పాక్ జలసంధిలో నీటి అడుగున గడ్డి మేస్తుంది కాబట్టి దానికి ఆ పేరు అతికింది. వాకిటా గడ్డి ముట్టదు, చేపలు తింటుంది.

— 'నీటిపెయ్య' అంటే బాగుంటుంది కదండీ? పోర్పాయిస్ అన్న మాటకి కూడా లాటిన్ మూలంలో పంది చేప అనేగా అర్థం!

— పెయ్య మాట విని నాకూ ఆశ పుట్టిందండీ. కానీ పెయ్య ఎప్పటికైనా ఆవు అవుతుంది, ఇది ఎదిగినా ఇంతే. అక్కడి జనం పిలిచే పేరే ఉంచుదాం. 1997 లెక్కలో సుమారు 567 ఉండేవి. 2024 సర్వేలో కనిపించినవి ఆరు నుంచి ఎనిమిది. అది రాస్తుంటేనే చెయ్యి ఆగిపోతోంది.

వీటి కోసం ఎవరూ వల వెయ్యరు. వేసేది టొటోవాబా చేప కోసం. దాని గాలితిత్తికి చైనాలో విపరీతమైన ధర. మన కచిడి చేపకి లక్షలు పలికేదీ గాలితిత్తి వల్లే, రెండూ ఒకే కుటుంబం చేపలు. వేసే వల గిల్‌నెట్. దాని కన్నులో తల దూర్చిన చేప మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. అదే వలలో చిక్కిన వాకిటా ఊపిరి కోసం పైకి రాలేక నీళ్లలోనే చనిపోతుంది. అక్కడ గిల్‌నెట్లు నిషేధించారు, అయినా దొంగచాటుగా వేస్తూనే ఉన్నారు.

— స్పానిష్ వాళ్లు పలికేది 'బకీత' అండీ. 'వాకిటా' అంటే మన ఇంటి వాకిట గుర్తొస్తోంది.

— నిజమే, 'బకీత' మన నోటికి ఇంకా సులువు. అలాగే రాద్దాం. ఇంకో మాట. వీపు మీద రెక్క లేని పోర్పాయిస్ ఒకటి మన తూర్పు తీరంలోనూ తిరుగుతుంది, అదీ వలల్లో చిక్కుతుంది. ఉప్పాడ, అంతర్వేది వైపు వాళ్లుంటే, మీ పెద్దవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో అడిగి రాయండి.