పాత 1080 టీఐ గ్రాఫిక్స్ కార్డునే నడపాలా, 4060 కొనాలా? ఇంటి కరెంటుతో పరిశోధనకు సాయం

మూసీ ఒడ్డు (మిర్యాలగూడ):
అందరికీ నమస్తే. 2020లో కరోనా వచ్చినప్పటి నుంచి నా జీటీఎక్స్ 1080 టీఐని ఫోల్డింగ్ ఎట్ హోమ్ పనికి ఇస్తున్నాను. ప్రోటీన్లు ఎలా ముడుచుకుంటాయో, ఎలా కదులుతాయో మనలాంటి వాళ్ల కంప్యూటర్లతో లెక్క కట్టించే ప్రాజెక్టు అది. కార్డు రేటింగు 250 వాట్లు. పగలూ రాత్రీ నడిపితే రోజుకు 6 యూనిట్లు, నెలకు 180. మాది గృహజ్యోతి మీటరు, నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. మొన్న నాయిన ఏమీ అనకుండా బిల్లు కాగితం నా కీబోర్డు మీద పెట్టి పోయాడు. ఇది అమ్మేసి ఆర్‌టీఎక్స్ 4060 తీసుకోవాలా?

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్):
తీసుకో తమ్ముడూ. దాని రేటింగు 115 వాట్లే. నెలంతా ఆపకున్నా 83 యూనిట్లు. సింగిల్ ప్రెసిషన్‌లో, అంటే మామూలు కచ్చితత్వం చాలే లెక్కల్లో, పాతది 11.3 టెరాఫ్లాప్స్, కొత్తది 15.1 (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు). వాటుకు ఎంత పని అని చూస్తే దాదాపు మూడింతలు.

ఖిల్లా (దేవరకొండ):
మూడింతలు డబ్బా మీది లెక్క అన్నా. డబుల్ ప్రెసిషన్, అంటే ఇంకా ఎక్కువ కచ్చితత్వం అడిగే ప్రాజెక్టుల్లో వేగంలో పాతదే ముందుంటుంది. 4060లో ఆ వేగం సింగిల్‌లో 64వ వంతు, 1080 టీఐలో 32వ వంతు. అక్కడ వాటు లెక్కలో తేడా ఒకటిన్నర రెట్లకు దిగుతుంది.

తమ్ముడూ, కొనే ముందు పాత కార్డు పవర్ లిమిట్ (అది దాటకూడని వాట్లు) 150కి తగ్గించి చూడు. చివరి కొన్ని మెగాహెర్ట్జ్‌ల కోసం కార్డు వోల్టేజి పెంచుకుంటుంది, కరెంటు ఖర్చు ఆ వోల్టేజి వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. అందుకే వాట్లు 40 శాతం కోసినా వేగం అంత పడదు. కానీ ఫలితాన్ని ఫోల్డింగ్ ఎట్ హోమ్ ఇచ్చే పాయింట్లతో కొలవకు. త్వరగా తిరిగిచ్చిన వాళ్లకు బోనస్ ఉంటుంది కాబట్టి, వేగం 10 శాతం తగ్గితే పాయింట్లు 15 శాతం దాకా పడతాయి. సైన్సుకు పోయింది 10 శాతమే. సాకెట్ దగ్గర మీటరు పెట్టి మొత్తం కంప్యూటరు ఎంత తాగుతుందో చూడు, ఒకే ప్రాజెక్టు పనులు ఎన్ని పూర్తయ్యాయో దానితో భాగించు. నేను నమ్మే లెక్క అదొక్కటే. మే నెలలో అయితే అసలు నడపకు. మన ఎండల్లో కార్డు వదిలే వేడికి కూలర్ కూడా తోడవుతుంది.

పిల్లలమర్రి:
లిమిట్ 4060కీ పెట్టొచ్చు కదా, అప్పుడూ అదే ముందు. ఇంకో మాట. జీరో బిల్లు అంటే కరెంటు ఊరికే పుట్టదు. మీ దగ్గరే, దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు కట్టింది బొగ్గు మండించడానికే. సేవ చేస్తున్నాం అనుకునేవాళ్లం ఆ బొగ్గును తక్కువ వాడాలి.

ఖిల్లా:
ఒప్పుకుంటా. అయితే కొత్త కార్డు తయారీకీ కరెంటు పోతుంది. పనిచేసేదాన్ని పక్కన పడేయడం నాకు మనసొప్పదు.

మూసీ ఒడ్డు:
లిమిట్ 150 పెట్టాను. ఇక రోజూ రాత్రిపూట పది గంటల సేపే, అంటే కార్డుకు నెలకు 45 యూనిట్లు. పొద్దున పాజ్ నొక్కితే ఆ పని ఆగి ఆలస్యమవుతుంది కాబట్టి ఫినిష్ నొక్కి, చేతిలోది పూర్తయ్యాక ఆపుతాను. 4060 సంగతి సాకెట్ లెక్క వచ్చాకే. మిర్యాలగూడలో ఎవరి దగ్గరైనా ప్లగ్ మీటరు ఉంటే వారం రోజులు ఇస్తారా?