పాత ఇంటి ఇనుప లింటెల్‌కు థర్మోకోల్ వేయించవచ్చా?

మైలాపూరు_కోడలు: చెన్నై మైలాపూరులో మాది మా మామగారి తండ్రి కట్టించిన ఇల్లు. 14 అంగుళాల ఇటుక గోడలు, చెక్క దూలాల మీద ఇటుకలు, సున్నం పరిచిన మద్రాస్ టెర్రస్ కప్పు. వీధివైపు కిటికీ మీద గోడ బరువు మోసే లింటెల్‌గా రెండు ఇనుప దూలాలు పక్కపక్కన వేశారు. రాత్రంతా ఏసీ నడిచాక తెల్లవారి కిటికీ తెరిస్తే, సరిగ్గా దూలం ఉన్నంత మేర గోడ చెమర్చి నల్లటి చార తేలుతోంది. లోపలివైపు ప్లాస్టిక్ షీటు పరిచి, థర్మోకోల్ పెట్టి, పైన బోర్డు కొడదామని మేస్త్రీ అంటున్నాడు. చేయించవచ్చా?

సైటు_ఇంజనీరు: వద్దండి. పుండు మీద పట్టుచీర కప్పినట్టు ఉంటుంది. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా చోటు కావాలి. ఆ ఒత్తిడికి పైనున్న ఇటుకలు లేస్తాయి, పూత అడ్డంగా చీలుతుంది. మైలాపూరులో ఉప్పుగాలి సంగతి చెప్పనక్కర్లేదు. దూలాలు తీయించి కాంక్రీటు లింటెల్ వేయించండి. మా పిన్ని ఇంట్లో ఇలాగే బోర్డు కొట్టి దాచారు. ఒక వానాకాలం రాత్రి పెద్ద పెచ్చు ఊడి మంచం మీద పడింది.

గానుగ_సున్నం: ఆవిడ అడిగింది చెమ్మ గురించి. మీరు గోడ పగలగొట్టమంటున్నారు.

అడయారు_అద్దెవాసి: థర్మోకోల్‌లో చీమలు గూడు పెడతాయి. మా ఇంట్లో పెట్టాయి.

గానుగ_సున్నం: కోడలు గారూ, ఇనుము ఇటుక కంటే 50 రెట్లకు పైగా వేడిని పంపుతుంది. అందుకే ఏసీ చల్లదనం ముందు దూలానికే ఎక్కుతుంది. మన ఊరి గాలిలోని తేమ చాలా నెలలపాటు 24, 25 డిగ్రీల దగ్గరే నీరవుతుంది. మీ గది 22లో ఉంటే, కిటికీ తీయగానే ఆ చోట చెమ్మ పట్టక తప్పదు. లోపలివైపు థర్మోకోల్ పెడితే దూలం బయటి వేడిలోనే ఉంటుంది, చెమర్చదు. ప్లాస్టిక్ షీటు మాత్రం వద్దే వద్దు. అది చలిదేశాల పద్ధతి. అక్కడ తేమ గదిలోంచి గోడలోకి వెళుతుంది కాబట్టి గదివైపు అడ్డుకట్ట వేస్తారు. ఇక్కడ తేమ బయటినుంచి లోపలికి వస్తుంది. గదివైపు ప్లాస్టిక్ ఉంటే దాని వెనకే నీరు చేరుతుంది. పైన సున్నం పూత వేయించండి, ఆయిల్ పెయింట్ వద్దు.

సైటు_ఇంజనీరు: ఏసీ చెమ్మ ఎంత? ఐప్పసి, కార్తిక నెలల (అక్టోబరు-డిసెంబరు) వానలు ఎంత? ఆ కిటికీకి సన్‌షేడ్ ఉందా? దాని అంచు కింద నీరు జారిపోయే గాడి ఉందా? బయటి పూత బీటలోంచి దిగే వాననీటిని మీ థర్మోకోల్ ఆపుతుందా?

గానుగ_సున్నం: ఆపదు. అది వేరే పని. సన్‌షేడ్ బాగుచేయించాలి, తుప్పు గీకించి, మళ్లీ తుప్పు పట్టకుండా జింక్ ప్రైమర్ పూయించాలి. దానికి దూలం పీకడం ఎందుకు? మీ కాంక్రీటులోని చువ్వలకు ఉప్పుగాలి తగలదా?

సైటు_ఇంజనీరు: సన్‌షేడ్ ఉందా అన్న ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

అడయారు_అద్దెవాసి: చీమల మందు కలిపి పూత వేస్తారట.

గానుగ_సున్నం: మీలాంటి ఇంజనీరే ఒకాయన ట్రిప్లికేన్‌లో మా తాతగారి ఇంటికి వచ్చి, పూత కూడా తీయకుండా, దూలం పోయిందని కాగితం మీద రాసిచ్చాడు. ఇంట్లో అందరూ బెదిరిపోయి, పాత ఇల్లు కూల్చి ఫ్లాట్లు కట్టే ప్రమోటరుకు సంతకాలు పెట్టారు. కూల్చేటప్పుడు నేను వెళ్లి చూశాను. దూలం పైపొర ఎర్రగా ఉంది, గీకితే లోపల గట్టి ఇనుము. ఆ స్థలంలో ఇప్పుడు ఎనిమిది ఫ్లాట్లు ఉన్నాయి.

సైటు_ఇంజనీరు: మీ తాతగారి ఇంటికి నేను రాలేదు. మా పిన్ని మంచం మీద ఆ రాత్రి ఆవిడ మనవడు పడుకుని ఉంటే ఏమయ్యేది? ఇల్లు పోయిన బాధ మీది, నాకు అర్థమవుతుంది. ఆ బాధతో ఇంకొకరి కిటికీ కింద మనుషులను కూర్చోబెట్టకండి.

మైలాపూరు_కోడలు: సన్‌షేడ్ ఉంది, అంచు విరిగింది. దాచిన మాట ఒకటి చెబుతాను. మా మరిది హైదరాబాదులో ఉంటారు. ఇల్లు ప్రమోటరుకు ఇద్దామని ఏడాదిగా అంటున్నారు. మొన్న వచ్చినప్పుడు ఆ నల్లచారను ఫోటో తీసి బంధువులందరికీ పంపారు. మా అత్తగారు ఆ గదిలోనే ఉంటారు. చార కనపడకుండా చేస్తే ఆ మాట ఆగుతుందని మేస్త్రీని పిలిచాను.

గానుగ_సున్నం: అమ్మా, అలాగైతే ఇప్పుడు థర్మోకోల్ పెట్టకండి. మీ మరిదిగారు అది పీకి అందరికీ చూపిస్తారు.

సైటు_ఇంజనీరు: ఈ ఒక్క మాటలో మేమిద్దరం ఒకటే. మీ మరిదిగారు ఎదురుగా ఉండగానే బయటి పూత తీయించండి. వైరు బ్రష్‌తో తుప్పు రాలగొట్టించి, దూలం అంచు మందం కాలిపర్‌తో (మందం కొలిచే పనిముట్టు) మూడు నాలుగు చోట్ల కొలిపించండి. గోడలోకి దిగిన చివరలు ముఖ్యం, తుప్పు ఎక్కువగా తినేది అక్కడే. అంకెలు ఇక్కడ పెట్టండి. మందం నిలిచి ఉంటే దూలం తీయమని నేను అనను.

గానుగ_సున్నం: పూత తీసే ముందు కిటికీ కింద ఇనుప జాకీలు బిగించమనండి. పాత సున్నపు గోడ, పై ఇటుకలు వదులుగా ఉండవచ్చు.

మైలాపూరు_కోడలు: అత్తగారి మంచం వెనక గదిలోకి మార్చాను. మరిదికి ఫోను చేస్తున్నాను.