ఢాకాకు మూడేళ్ల పాపతో వస్తున్నాం, ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా వారికి ఢాకా పక్కనున్న గాజీపూర్‌లో ఒక దుస్తుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఆగస్టు మొదటి వారంలో ఢాకా చేరుకుంటాం. ఇల్లు ఢాకాలోని ఉత్తరా అనే ప్రాంతంలో చూశారు. మాది అనకాపల్లి. అక్కడి వాతావరణం మన వైపులాగే ఉంటుందనీ, ప్రత్యేకంగా టీకాలూ మందులూ అక్కర్లేదనీ ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. పాపకు మూడేళ్లు. నిజంగా ఏమీ అక్కర్లేదా?

మొదటి జవాబు

చెల్లీ, పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటున్నదాన్నిగా చెబుతున్నాను, ఆ మాట నమ్మవద్దు. అన్నం, చేపల పులుసు, ఉక్కపోత, వాన అన్నీ మన ఊరివే అనిపిస్తాయి. అందుకే ఏమరుపాటు వస్తుంది.

మీరు దిగేది డెంగీ ముదిరే నెలలో. 2023లో ఈ దేశపు ఆసుపత్రుల్లో 3,21,179 డెంగీ కేసులు నమోదయ్యాయి, 1,705 మంది చనిపోయారు. ఆ సెప్టెంబరులో మా ఇంటికీ వచ్చింది. మా వారికి మూడు రోజులు ఒళ్లు కాలిపోయింది. నాలుగో రోజు తెల్లవారేసరికి జ్వరం దిగింది. గండం గడిచిందనుకుని చారన్నం పెట్టాను. మధ్యాహ్నానికి కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చేతులు చల్లబడిపోయాయి. మొదట వెళ్లిన ఆసుపత్రిలో మంచం ఖాళీ లేదన్నారు. రెండోచోట వరండాలోనే పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు. ఆ రాత్రి నేను ఇప్పటికీ మరచిపోలేదు.

డెంగీలో అసలు గండం జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజుల్లోనే. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి రక్తం చిక్కబడుతుంది. మనం ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే పట్టుకుని కూర్చుంటాం. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, పెరుగుతోందా అని కూడా డాక్టరును అడగాలి. కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, పాప మరీ మగతగా ఉండటం, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లోనే డెంగీని పట్టే ఎన్‌ఎస్1 రక్తపరీక్ష చేయించు. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే ఇవ్వాలి, ఇక్కడ అందరూ దాన్ని నాపా అంటారు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది.

ఈ దోమ పగటి దోమ. పొద్దున, సాయంత్రం చీకటి పడకముందు ఎక్కువగా కుడుతుంది. రాత్రికి మాత్రమే దోమతెర కట్టడం మనకు అలవాటు, పాప మధ్యాహ్నం నిద్రకు కూడా కట్టు. పూలకుండీల కింది పళ్లేలు, స్నానాలగదిలో బకెట్లు, ఏసీ నీళ్లు పడే డబ్బా వారానికి ఒకసారైనా ఖాళీ చేసి తోమాలి. మేడ మీద ఏముందో చూడమని కాపలాదారును విసుగు లేకుండా అడుగుతూ ఉండు. ఉత్తరాలో ఇంకా కడుతున్న ఇళ్లు ఉంటే వాటి నేలమాళిగల్లో నిలిచే నీళ్లే పెద్ద పుట్ట.

కుళాయి నీళ్లు కళపెళ కాగాకే తాగాలి, ఫిల్టరు ఉన్నా సరే. సరఫరా శుభ్రంగా ఉన్నా దారిలో గొట్టాలు చిల్లులు పడతాయి, ఇళ్ల కింది తొట్టెలు ఏళ్ల తరబడి కడగరు. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా అక్కడే వేయించుకుని రండి, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారు చేసే టైప్‌బార్-టీసీవీ టీకాను ఈ ఢాకాలోనే మీర్‌పూర్ పిల్లలకు వేసి పరీక్షించారు, 85 శాతం రక్షణ ఇచ్చిందని 2021లో ఫలితాలు వచ్చాయి. పాపకు ప్రభుత్వ టీకాల కార్డు మాత్రమే ఉంటే ఇది పడి ఉండకపోవచ్చు, చూసుకో. హెపటైటిస్ ఎ గురించి కూడా పిల్లల డాక్టరును అడుగు.

ఓఆర్‌ఎస్ విషయంలో ఒక జాగ్రత్త. మన ఊళ్లో పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు కలుపుతాం. ఇక్కడ ప్రతి కొట్లో దొరికే ప్యాకెట్ అర లీటరుకే. రెండూ ఇంట్లో ఉంటే తారుమారవుతాయి, చిక్కగా కలిపితే చిన్నపిల్లలకు ఉప్పు ఎక్కువై ప్రమాదం. ప్యాకెట్ మీద చదివి కలుపు. నోటి ద్వారా ఇచ్చే ఈ ద్రావణం కలరా రోగుల మీద పనిచేస్తుందని 1968లో తేల్చింది ఢాకాలోని పరిశోధకులే. వాళ్లు పనిచేసిన పరిశోధన కేంద్రం ఇప్పుడు మొహాఖాలీలో ఐసీడీడీఆర్‌బీ పేరుతో ఉంది, ఆసుపత్రి కూడా అందులోనే. విరేచనాలు ఎక్కువైతే అక్కడికే వెళ్లండి.

రెండో జవాబు

అమ్మా, అక్కగారు చెప్పినవాటికి కొన్ని కలుపుతాను. చలికాలంలో ఖేజూర్ రస్ అని మట్టికుండల్లో అమ్ముతారు, అది మన ఈత నీరానే. పచ్చిది తాగవద్దు. రాత్రి గబ్బిలాలు ఆ కుండల మీద వాలతాయి, నిపా వైరస్ దానినుంచి వస్తుంది. సోకినవారిలో ఎక్కువమంది బతకరు. కాచి చేసిన బెల్లం నిశ్చింతగా తినవచ్చు.

రిక్షాలో వెళ్లేటప్పుడు సంచి పట్టీని మెడకూ చేతికీ చుట్టుకోకండి. బైకు మీద వచ్చి లాగేవాళ్లున్నారు, సంచితోపాటు మనిషీ కిందపడతాడు. ఉత్తరా నుంచి మెట్రో ఉంది, అందులో ఆడవాళ్లకు ఒక పెట్టె వేరు. వాన నీళ్లు నిలిచిన వీధిలో దిగకండి, మూత లేని మ్యాన్‌హోళ్లు కనిపించవు. అత్యవసరానికి 999. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు మొహాఖాలీ అంటువ్యాధుల ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టండి. బారిధారాలోని మన హైకమిషన్‌లో మీ వివరాలు ముందే నమోదు చేయించండి.

ఒక మాట. యాత్రాబాడి దగ్గర ధల్పూర్‌లో తెలుగు కాలనీ ఉంది. బ్రిటిష్ కాలంలో పారిశుధ్య పనికి తెచ్చిన తెలుగువాళ్ల సంతతి వారు. ఈ నగరపు మురుగు తీసిన చేతులు వాళ్లవి. వీలైనప్పుడు వెళ్లి పలకరించండి.

ప్రశ్న అడిగినవారు

అక్కా, అన్నయ్యా, కృతజ్ఞతలు. టీకాలకు రేపే వెళతాం. డెంగీ వస్తే ఉపయోగపడుతుందని అత్తయ్యగారు బొప్పాయి ఆకు రసం పంపుతామంటున్నారు. పాపకు ఇవ్వవచ్చా?

మొదటి జవాబు రాసినవారు

పెద్దావిడ ప్రేమను కాదనవద్దు, కానీ పాపకు ఇవ్వకు. వాంతులయ్యే బిడ్డకు చేదురసం పట్టిస్తే ఉన్న నీరు కూడా పోతుంది. దాన్ని నమ్ముకుని ఆసుపత్రికి ఆలస్యం చేసినవాళ్లను చూశాను. గంజి, కొబ్బరినీళ్లు, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పట్టు. ప్రయాణపు సంచిలో థర్మామీటరు, మీ ముగ్గురి బ్లడ్ గ్రూపు కాగితాలు, పాప మంచానికి సరిపడే దోమతెర పెట్టుకో. మేము ఉత్తరా సెక్టార్ 7లోనే ఉంటాం, మీరు దిగే రోజు రాయి. మీ పొయ్యి వెలిగేదాకా కాచిన నీళ్లు, వంట మా ఇంటి నుంచి వస్తాయి.