చర్చ: ఫ్యాకల్టీ అప్రైజల్ ఫారంలో మీరేం రాస్తున్నారు?

స్లైడ్‌ట్రే
ఈ ఏడాది మా ప్రైవేటు మెడికల్ కాలేజీలో టీచర్ల పనికి మార్కులేసే కొత్త ఫారం ఇచ్చారు. రీసెర్చ్ పేపర్లకు 40, హాజరుకు 30, కమిటీ పనులకు 20, పాఠం చెప్పడానికి 10 మార్కులు. నాది పాథాలజీ. రోజంతా చూసే బయాప్సీలకు గడే లేదు. మీ దగ్గర బోధనకు, రిపోర్టింగ్‌కు విడిగా లెక్క ఉందా? సోమవారం లోపు ఇవ్వాలి.

లేబర్‌రూమ్_అక్క
హాజరుకు 30 అన్నారు కదా, అక్కడే కాలింది నాకు. మొన్న రాత్రి మూడు సిజేరియన్లు, ఒక పీపీహెచ్ (కాన్పు తర్వాత అధిక రక్తస్రావం). తెల్లారి ఆరున్నరకు ఇంటికెళ్లి పడుకుంటే, పొద్దున ఫేస్ కొట్టలేదని ఆబ్సెంట్. 75 శాతం హాజరు అంటారు, ఏ గంటలకు 75? 2025 మే నుంచి ఫోన్‌లో ముఖం చూపించాలి, జీపీఎస్ క్యాంపస్ లోపలే ఉండాలి. రాత్రంతా క్యాంపస్‌లోనే ఉన్నాను మహాప్రభో!

ఎముకలబాబు
హాజరు సరే మేడమ్, పేపర్ల సంగతి చూడండి. నావి నాలుగున్నాయి, అన్నిట్లో నాలుగో పేరే. కేసులు నావి, ఫాలోఅప్ నాది, ముందు పేర్లు పెద్దలవి. అసోసియేట్ ప్రొఫెసర్ ప్రమోషన్‌కు రెండు కావాలి, నా ఖాతాలో సున్నా.

కల్చర్‌ప్లేట్
మొదటి ఇద్దరికే క్రెడిట్ అని అందరికీ తెలిసిందే కదా. ముందే మాట్లాడుకోవాల్సింది.

ఎముకలబాబు
మొదటి ఇద్దరా? అది 2015 నాటి ఎంసీఐ (అప్పటి మెడికల్ కౌన్సిల్) మాట. 2022 నాటి టీఈక్యూ (టీచర్ల అర్హతల) రెగ్యులేషన్లే చూడండి సర్. మొదటి ముగ్గురు, లేదా కరస్పాండింగ్ ఆథర్ (పేపర్ గురించి వచ్చే మెయిళ్లకు జవాబిచ్చే రచయిత) అని అప్పుడే రాశారు. తెలియకుండా సలహాలొద్దు.

కల్చర్‌ప్లేట్
ముగ్గురైనా మీరు నాలుగే కదా! సున్నా సున్నాయే. పైగా ఒక్కో పేషెంటు మీద రాసే కేసు రిపోర్టులైతే అసలు లెక్కలోకే రావు, చాలా కేసులు కలిపిన సిరీస్ ఉండాలి.

ఎముకలబాబు
కేసు రిపోర్టులని నేనెక్కడన్నాను? పదాలు నా నోట్లో పెట్టకండి.

ఓపీ_రూం3
ఇద్దరూ కాస్త ఆగండి సర్. కరస్పాండింగ్ ఆథర్‌గా పెట్టమని అడిగి చూడండి. మా యూనిట్ చీఫ్ ఒప్పుకున్నారు. మెయిళ్లకు జవాబివ్వడం ఆయనకు విసుగు, అంతే.

అట్లాంటా_డాక్
ఇండియాలో ఇంకా ఇలా కొలుస్తున్నారా? ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఫ్యాకల్టీగా ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 1992 నుంచి ఆర్‌వీయూ పద్ధతిలో, అంటే ఒక్కో పనికి ఇన్ని పాయింట్లని లెక్కగట్టి చెల్లిస్తోంది. మాకు ప్రతి పేషెంటుకూ వర్క్ ఆర్‌వీయూ పడుతుంది. పాత పేషెంటు మామూలు విజిట్, 99213 కోడ్, 1.3. నెలాఖరుకు కూడితే ఎవరెంత చేశారో తేలిపోతుంది. మీరూ అలా పెట్టుకోండి.

ఫార్మలిన్
నాది అనాటమీ, సర్, శవాల మీద పాఠం. మా పేషెంటు టేబుల్ మీద కదలకుండా ఉంటాడు. ఆయనకు ఎన్ని ఆర్‌వీయూలు?

అట్లాంటా_డాక్
బోధనకు మాకు వేరే పాయింట్లుంటాయి. చెప్పడం మర్చిపోయాను.

ఫార్మలిన్
అదే కదా అసలు ప్రశ్న! మీరు మర్చిపోయినదాన్నే స్లైడ్‌ట్రే గారు అడిగారు. నిన్న ఒక స్టూడెంట్ పిల్ల, శవం చంకలో కొవ్వు తీసి తీసి, మస్క్యులోక్యుటేనియస్ నరం కోరకోబ్రేకియాలిస్ కండరాన్ని గుచ్చుకుని పోవడం తనంతట తనే పట్టుకుంది. అక్కడి నుంచి వెనక్కి వెతుక్కుంటూ మీడియన్, అల్నార్ నరాలు కూడా తీసి, ఆ మూడూ కలిసి చేసే ‘ఎం’ అక్షరం మొత్తం చూపించింది. గంటన్నర పక్కన నిలబడ్డాను, ఒక్క నరమూ నేను చూపించలేదు. అది మీ ఫారంలో ఏ గడిలో రాయాలి? ‘క్లాసు: 1’ అని రాశాను.

కల్చర్‌ప్లేట్
ఆ గంటన్నరలో పేపర్ రాసుకుంటే మార్కులొచ్చేవి మేడమ్ 😄

ఫార్మలిన్
అందుకే పిల్లలు నెర్వ్ ఏదో టెండన్ ఏదో తెలియకుండా మీ దగ్గరికి వస్తున్నారు.

లేబర్‌రూమ్_అక్క
కరెక్ట్‌గా చెప్పారు మేడమ్. అసలు పనిచేసేవాళ్లకు ఇన్ని లెక్కలు. ఇదివరకు తనిఖీ రోజు మాత్రమే కనిపించి వెళ్లే వాళ్లుండేవారు, వాళ్ల పాపమే ఇప్పుడు మన నెత్తిన. ముఖం యాప్ వద్దనను, నైట్ డ్యూటీకి వేరే గడి అడుగుతున్నా.

స్లైడ్‌ట్రే
నా బయాప్సీల మాట ఎవరూ ఎత్తలేదు. పోనీలెండి. రిజిస్టర్ చూసి నెలవారీ రిపోర్టుల సంఖ్య వేరే కాగితం మీద రాసి ఫారానికి పిన్ను కొట్టాను. ఆఫీసులో క్లర్కు ‘ఎక్స్‌ట్రా షీట్లు తీసుకోం సార్’ అని వెనక్కిచ్చాడు.

ఓపీ_రూం3
కమిటీ పనులకు 20 ఉన్నాయిగా సర్, ‘బయాప్సీ కమిటీ’ అని రాసేయండి. అన్నట్టు, బేస్‌మెంట్‌లో జీపీఎస్ అందక ఆ యాప్ ‘క్యాంపస్ బయట’ అని చూపిస్తోంది. ఎవరికైనా దారి తెలుసా?

లేబర్‌రూమ్_అక్క
మెట్లెక్కి క్యాంటీన్ దగ్గరికి రండి. మేమందరం అక్కడే కొడతాం.