చెర్నోబిల్ నల్ల బూజుకు రేడియేషన్ నిజంగా బలమిస్తుందా?

బూజు_బాబు: 1986లో పేలిన చెర్నోబిల్ రియాక్టర్ గోడల మీద నల్ల బూజు పెరుగుతోందని ఉక్రెయిన్ శాస్త్రవేత్త నెల్లీ జ్దానోవా బృందం 90ల్లో గమనించింది. 2007లో న్యూయార్క్‌లో దదచోవా, కాసడెవాల్ అనే శాస్త్రవేత్తలు మామూలు కన్నా 500 రెట్ల రేడియేషన్ పెడితే, మెలనిన్ (మన జుట్టుకు నలుపిచ్చే రంగు పదార్థం) ఉన్న బూజులు ఇంకా ఏపుగా పెరిగాయి. మొక్కకు ఎండ ఎలాగో దీనికి రేడియేషన్ అలాగ. ఇంకా సందేహమెందుకు?

పాత_ల్యాబ్: పెరిగింది, కాదనను. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ పట్టి చక్కెర చేసుకుందని ఎవరైనా చూపించారా? అంటార్కిటికా రాళ్లలో బతికే క్రయోమైసెస్ అనే బూజుకూ మెలనిన్ ఉంది. అక్కడ రియాక్టర్ ఎక్కడిది? చలికీ, పొడి గాలికీ, అతినీలలోహిత కిరణాలకీ అదొక కవచం. అంతే.

సుజాత_గుంటూరు: మా బాత్రూం మూల నల్ల బూజు బ్లీచింగ్‌కే లొంగట్లేదు. రేడియేషన్ దానికో లెక్కా!

బూజు_బాబు: చక్కెర చేసుకుంటుందని నేనెప్పుడన్నానండీ? తిండికి తోడు అంటున్నా. రేడియేషన్ తగిలాక మెలనిన్‌కి, కణంలో శక్తి తయారీకి పనికొచ్చే ఎలక్ట్రాన్లు అందించే సత్తా 4 రెట్లయిందని అదే పరిశోధనలో ఉంది. అంతరిక్ష కేంద్రంలో 1.7 మిల్లీమీటర్ల బూజు పొర కింద రేడియేషన్ 2 శాతం దాకా తగ్గింది కూడా.

పాత_ల్యాబ్: 2 శాతమా! తడి ఉన్న ఏ పొరైనా కొంత అడ్డుకుంటుంది.

కడప_కుర్రోడు: ఆ 2 శాతం వదిలెయ్యండి అన్నా, మీకు దండం.

బూజు_బాబు: వదలను. పీజీలో బూజుల మీద ప్రాజెక్ట్ చేస్తానంటే మా గైడ్ ఇలాగే "రుజువేది" అని కొట్టిపారేసి, బోరు నీళ్ల టెస్టులు అంటగట్టారు. అన్నీ తేలాకే మాట్లాడాలంటే ఇక కొత్త పని చేసేదెవరు?

పాత_ల్యాబ్: మీ గైడ్ మీద కోపం నా మీద చూపిస్తే ఎలా? నేను ఇంటర్ పిల్లలకు బాటనీ చెబుతాను. "బూజు రేడియేషన్ తినేసి చెర్నోబిల్‌ని శుభ్రం చేస్తోంది" అనే వీడియో చూసొచ్చి నాతోనే వాదిస్తున్నారు. అక్కడ మిగిలిన రేడియోధార్మిక పదార్థం సీజియం-137 బూజులోకి పోయినా సీజియమే. సగం తగ్గాలంటే 30 ఏళ్లు పట్టాల్సిందే. నా గొడవంతా అదీ.

బూజు_బాబు: ఆ వీడియో నేను తీశానా? శుభ్రం చేస్తుందని నేను రాసిన ముక్క ఒక్కటి చూపించండి. మెలనిన్ లేని రకం అదే రేడియేషన్‌లో అలా ఎందుకు పెరగలేదో, ముందు దానికి జవాబు చెప్పండి మాస్టారూ.